నాలుగో అజంప్షన్

జూన్ 8, ఆదివారం

మెడలో వేసుకోవాల్సిన బ్యాడ్జీ వారం ముందే పోస్టులో వచ్చింది. పేరు కింద ఆకుపచ్చ రిబ్బను, దానిమీద 'ఫైనలిస్ట్'. సంతకి తోలే గేదెకి కట్టినట్టు. ప్రణీత దాన్ని తన మెడలో వేసుకుని కిచెన్‌లో అటూ ఇటూ నడిచింది. "గిట్ల హాస్పిటల్‌కు వోతే మా ఫార్మసీల అందరు లేచి నిలవడ్తరే" అంది. వరంగల్ పిల్ల. రెండేళ్ళుగా ఈ ఫ్లాట్‌లో బియ్యం నావి, కుక్కర్ తనది.

పదహారో తారీఖు సోమవారం నుంచి నాలుగు రోజుల కాన్ఫరెన్స్. విపత్తుల నిర్వహణ, ఆపరేషన్స్ రీసెర్చ్. ఎక్కడో జనం మునుగుతుంటే ఏ బండి ఎటు పంపాలో లెక్కలు కట్టేవాళ్ళంతా గ్లాస్గోలో చేరి, ఒకరి లెక్కకి ఒకరు తల ఊపుతారు. అందులో ఉత్తమ పేపరుకి బహుమతి. నాది చివరి ముగ్గురిలో ఉంది.

నా లెక్క: గోదావరికి వరదొస్తే పదకొండు లంక ఊళ్ళ జనాన్ని నలభై మూడు పడవల్లో ఏ వరసలో ఒడ్డుకి చేర్చాలి? జవాబు ఆరు గంటల పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ మా ప్రొఫెసర్ కారిక్ తీసేయించాడు. స్లయిడ్ మీద అందంగా ఉండవట.

నాకు పడవల రిజిస్టరు పంపిన పాండురంగం గారి దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్. మూడు నిమిషాలు. కాన్ఫరెన్స్ అయ్యాక వింటాను.

జూన్ 11, బుధవారం

తొమ్మిదో స్లయిడ్‌లో అక్షరాలు ఇంకొంచెం చిన్నవి చేశాను. అది ఎవరూ చదవరు.

జూన్ 16, సోమవారం

మొదటి ఉపన్యాసం గంటంబావు. ఆయన పదకొండు భూకంపాల మీద పనిచేశాడట. ఒక్కదాంట్లోనూ ఆయన కాళ్ళకింద నేల కదల్లేదని ఆ బూట్లు చూస్తేనే తెలుస్తోంది. 'ఎంత అందమైన డేటా' అని మూడుసార్లు అన్నాడు. అందరూ రాసుకున్నారు. ఏం రాసుకున్నారో!

వీళ్ళు రేపు సునామీలో చిక్కుకున్నా ముందు దానికో పొట్టి పేరు వెతుక్కుంటారు, గ్రాంటు అప్లికేషన్‌లో పట్టేట్టు. మునిగిపోయిన మనిషిని 'తీరని డిమాండ్' అంటారు. నేనూ అన్నాను, పేజీ 14లో.

కాఫీ దగ్గర ఎవరి చూపూ మొహం మీద పడదు. ముందు బ్యాడ్జీ. యూనివర్సిటీ పేరు చదివాక నవ్వాలో వద్దో తేల్చుకుంటారు. నా ఆకుపచ్చ రిబ్బను చూసి నవ్వుతున్నారు. నాకు బాగానే ఉంది. డైరీలో కూడా దాచుకోవడం ఎందుకు, బాగుంది.

మధ్యాహ్నం జయకృష్ణ గారు పట్టుకున్నారు. బ్రాక్‌నెల్ కంపెనీ ఆయన. మార్చిలోనే కారిక్ నా మోడల్‌ని ఈ కంపెనీకి ఇచ్చేశాడు. వీళ్ళు దానికి రంగులేసి సాఫ్ట్‌వేర్ చేశారు. పదిహేనేళ్ళుగా ఇక్కడున్నా భీమవరం గొంతు చెక్కుచెదరలేదు.

"ఏమ్మా మధులికా! ఆ రిబ్బనేంటమ్మా, పెళ్ళికూతురిలాగ!"

"మీకూ కావాలంటే అడుగుతానండి, డెస్కు దగ్గర ఉన్నాయి."

"మాకెవరిస్తారమ్మా, మేం స్పాన్సర్లం, మా దగ్గర పుచ్చుకోవడమే." పెద్దగా నవ్వి, గొంతు తగ్గించారు. "మే నెల్లో నేనే వెళ్ళి మండలాఫీసులో డెమో ఇచ్చొచ్చా. ఆరు గంటలు అన్నానో లేదో, చప్పట్లు! జులైకి లైవ్. మోడల్ రాసిందానివి కాబట్టి వ్యాలిడేషన్ రిపోర్టు, అదే లెక్క సరైందేనన్న కాగితం, దాని మీద నీ సంతకం ఒక్కటే బాకీ. అది పెట్టెయ్. ఆఫర్ లెటరు, వీసా స్పాన్సర్‌షిప్పు, రెండూ ఒకేరోజు పంపిస్తా."

నా వీసా సెప్టెంబరు ముప్పై దాకా. ఫిబ్రవరి నుంచి డెబ్భై ఆరు అప్లికేషన్లు పెట్టాను. స్పాన్సర్‌షిప్ ఇస్తానన్న నోరు ఇదొక్కటే.

తప్పకుండానండి అన్నాను.

జూన్ 17, మంగళవారం

పదకొండున్నరకి ఫైర్ అలారం. రెండువందల మంది విపత్తు నిపుణులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. 'జనసమూహాల తరలింపు' మీద మాట్లాడుతున్నవాడు, ఈ స్లయిడ్ అయ్యాక వెళ్దామా అని అడిగాడు. చివరికి క్లీనర్ ఆవిడ తలుపు తన్ని తెరిచి, స్కాట్లాండ్ యాసలో రెండు మాటలు అంటే కదిలారు. వర్షంలోకి, చేతుల్లో కాఫీ కప్పులతో, తప్పు వైపుకి. ఒకాయన లాప్‌టాప్ మర్చిపోయానని మళ్ళీ లోపలికి పరిగెత్తాడు. ముప్పై ఏళ్ళుగా జనం ఎందుకు వెనక్కెళ్తారో పరిశోధిస్తున్నాడట! టోస్ట్ మాడిందని తర్వాత తేలింది.

నేను కూడా నా లాప్‌టాప్ కోసం వెనక్కెళ్ళాను. స్లయిడ్లు అందులోనే ఉన్నాయి కదా.

సరే. తొమ్మిదో స్లయిడ్ సంగతి. ఇది నేను తప్ప ఎవరూ చదివేది కాదు.

మా పేపర్లలో ఒక పద్ధతుంది. తెలియనిది తెలియదని రాయం. 'ఇలా ఉందని అనుకుందాం' అని రాసి, దానికో నంబరిస్తాం. నంబరు పడ్డాక దాన్ని అబద్ధమని ఎవరూ అనరు. అజంప్షన్ అంటారు. నా పేపర్లో ఆరున్నాయి, తొమ్మిదో స్లయిడ్ నిండా అవే. నాలుగోది: ప్రతి పడవా రిజిస్టర్లో ఏ ఊరి పేరు మీద ఉందో ఆ ఊళ్ళోనే ఉంటుంది.

ఉండదు. పాండురంగం గారు ఫిబ్రవరిలోనే చెప్పారు. రిటైరైన వీఆర్వో, ఆ లంకల్లోనే ఇల్లు. నేను మొహం కూడా చూడని మనిషి, నా కోసం పడవల రిజిస్టరు మొత్తం పేజీ పేజీ ఫొటోలు తీసి పంపారు. పంపి, ఫోన్ చేసి మరీ చెప్పారు: "ఆ ఊరి పేరు ఓనర్లదండి. పడవలక్కడ ఉండవు. వానలు పడ్డాక ఇసుక పని ఆగిపోద్ది కదండీ, అన్నీ దిగువన ఇసుక ర్యాంపు కాడే కట్టేస్తారు. వరదప్పుడు లంకల్లో దోనెలు తప్ప ఏముండవండి." రాసుకున్నాను. నోట్‌బుక్‌లో ఉంది, తారీఖుతో సహా. పేపరు గడువు ఇంకో ఐదు రోజులు. పడవలు ర్యాంపు దగ్గర పెడితే ప్రవాహానికి ఎదురెక్కాలి, మోడల్ మొత్తం మళ్ళీ రాయాలి. కారిక్‌ని అడిగాను. "అజంప్షన్ కింద పెట్టెయ్" అన్నాడు, శాండ్‌విచ్ నములుతూ. పెట్టేశాను.

అందరూ చేసేదే.

జూన్ 18, బుధవారం

లంచ్‌లో క్లైడ్ నది ఒడ్డున బెంచీ మీద కూచుని పాండురంగం గారి మెసేజ్ విన్నాను. లోపల ఎవడో నా పక్కన కూచుని, బంగ్లాదేశ్ తనకి 'మంచి కేస్ స్టడీ' అయిందని చెబుతుంటే బయటికొచ్చేశాను. వినడానికి రాలేదు. కానీ విన్నాను.

"అమ్మాయిగారూ, పాండురంగాన్నండి, ఆయ్. మీ కంపెనీ ఆయన బొమ్మలేసి చూపించారండి. పడవలు ఎర్రచుక్కల్లాగ ఎంత బాగా తిరిగేత్తన్నాయో! మాది ఏటా ఒకటే పద్ధతి కదండీ. మొదటి హెచ్చరిక వచ్చిందంటే చాలు, ఇంకా నీళ్ళు రాకముందే, ముసలాళ్ళనీ బాలింతల్నీ గట్టు మీదికి దాటించేసేవోళ్ళం. ఈయేడు ఆగమన్నారండి. కంప్యూటరు చెప్పిన వరసలో పడవలొస్తాయంట, ఆరుగంటల్లో అయిపోద్దంట. మా ఆవిడ రత్నకుమారికి మోకాలి ఆపరేషనైంది కదండీ, మంచం దిగలేదు. మా వంతు ఎన్నో పడవని అడుగుతోందండి. కాస్త చూసి చెబుతారా?"

లాప్‌టాప్ తీసి చూశాను. వాళ్ళ ఇల్లు పదిహేడో పడవలో. రెండు గంటల నలభై నిమిషాలకి. ఫోన్ చేసి చెప్పాను. చెప్పాను! బస్సు టైము చెప్పినట్టు.

"పదిహేడంటే ఎవరిదండీ?"

చదివాను.

"ఓ, సత్తిరాజుది. అది ర్యాంపు కాడే కదండీ ఉంటది. అప్పుడే చెప్పాను కదా మీకు. మీరు సరిచేసే ఉంటార్లెండి. మీకు తెలవందేవుంది."

"అవునండి" అన్నాను.

మధ్యాహ్నం సెషన్లన్నీ ఎగ్గొట్టి లైబ్రరీలో కూచున్నాను. ఫిబ్రవరిలో ఐదు రోజులు చాలవనుకున్న పని నాలుగు గంటల్లో అయింది, మొరటుగానే అనుకో. పడవలన్నీ ర్యాంపు దగ్గర పెట్టి నడిపాను. పంతొమ్మిది గంటలు. పదిహేడో పడవ ఆ ఇంటికి పదహారో గంటకి చేరుతుంది.

మళ్ళీ నడిపాను. పంతొమ్మిది.

జూన్ 19, గురువారం

పంతొమ్మిది అనే తెరమీద పెట్టాను. "నాలుగో అజంప్షన్ తప్పు. తప్పని నాకు ఫిబ్రవరి నుంచీ తెలుసు" అన్నాను. ఇంగ్లీషులో అది ఎంత సులువుగా జారిపోయిందో. హాలంతా నా మీద పడుతుందనుకుని పోడియం గట్టిగా పట్టుకున్నాను.

ఏమీ పడలేదు. చైర్‌పర్సన్ గుండెల మీద చెయ్యి పెట్టుకుని "ఎంత ధైర్యం, ఎంత నిజాయితీ" అంది. మొదటి ప్రశ్న: లెక్క తేల్చడానికి సాల్వర్ ప్రోగ్రాముకి ఎన్ని సెకన్లు పట్టింది? రెండోవాడు: పడవలు ఎక్కడున్నాయో తెలియనప్పుడు వాటి చోటుని యాదృచ్ఛికం అనుకోవచ్చు కదా?

"ఎక్కడున్నాయో తెలుసు. ర్యాంపు దగ్గరున్నాయి."

"అవును, కానీ తెలియదనుకుంటే?"

బహుమతి నాకే. గాజు ముద్ద, మంచు గడ్డలా ఉంది. పట్టుకుంటే అన్ని వేళ్ళ గుర్తులూ పడతాయి. కారిక్ నా భుజం తట్టి, "ఆరుకీ పంతొమ్మిదికీ మధ్య తేడా ఉంది చూశావూ, అదే మన రెండో పేపరు" అన్నాడు. ఈ మనుషులు ఒప్పుకోలుని కూడా తినేస్తారు. అరిగించుకుని సైటేషన్ చేస్తారు.

జయకృష్ణ గారు ఒక్కరే నవ్వలేదు. కోట్ల స్టాండు పక్కకి తీసుకెళ్ళారు.

"అంతమందిలో చెప్పాల్సిన పనేంటమ్మా? నాతో ఒక ముక్కంటే సరిపోయేది కదా."

"ఇప్పుడు అంటున్నానండి. జులైలో లైవ్ చెయ్యడం ఆపెయ్యండి."

"ఆపడమేంటి! అక్కడ ఆరు అని చూపించి వచ్చాం. యూజర్ గైడ్‌లో ఒక నోట్ పెడదాం. రెండో వెర్షన్‌లో సరిచేద్దాం. నువ్వే చేద్దువుగాని, చేరాక."

"రెండో వెర్షన్ ఎప్పుడండీ?"

"జనవరి."

"వరద జులైలో వస్తుంది."

"ఏటా పెద్దది రాదు కదమ్మా" అన్నారు. చెడ్డవాడు కాదు. ఆ మాట అన్నాక నా కళ్ళలోకి చూడలేదు. "బుధవారం ఐదింటి దాకా టైమిస్తా. తర్వాత నా చేతుల్లో ఉండదు. నీ మంచికే చెబుతున్నా."

జూన్ 21, శనివారం

ప్రణీత నైట్ డ్యూటీ ముగించుకుని వచ్చి, టీ పెట్టుకుంటూ అంతా విన్నది.

"మా దగ్గర డోసు తప్పని ఎరుకై గూడ ఇస్తే లైసెన్సు గుంజుకుంటరే. మీకు గాజు బిళ్ళ ఇచ్చిన్రా?"

ఇద్దరం నవ్వాం. తర్వాత వీసా సంగతి చెప్పాను. నవ్వు ఆపింది.

"అయితే సంతకం వెట్టు. లోపటికి వో, వోయినంక సరిచెయ్యి. బయట నిలవడి ఎవ్వనికేం జేస్తవ్? సెప్టెంబర్‌ల విమానమెక్కినంక నీ మాట ఎవడింటడు?"

తను చెప్పింది తప్పు కాదు. లోపలుంటేనే మార్చగలం. రెండో వెర్షన్ నేనే రాస్తాను. ఈ ఏడు పెద్ద వరద రాకపోవచ్చు. రాదు అనుకుందాం.

అనుకుందాం అని రాశాను. కొట్టేసినా కనబడుతోంది.

జూన్ 22, ఆదివారం

రిపోర్టు మీద సంతకం పెట్టాను. పంపలేదు. సంతకం మాత్రం బాగా వచ్చింది.

జూన్ 23, సోమవారం

పొద్దున్నే పాండురంగం గారికి ఫోన్. ఇంగ్లీషులో రెండువందల మంది ముందు అన్న మాట తెలుగులో ఒక్క మనిషికి చెప్పడానికి పదకొండు నిమిషాలు పట్టింది. ముందు రత్నకుమారి గారి మోకాలు, తర్వాత వానలు, తర్వాత ఆయనే "ఏంటండీ, ఏదో చెప్పబోయి ఆగుతున్నారు" అంటే అప్పుడు.

"ఫిబ్రవరిలోనే తెలుసండీ మీకు?"

"మీరే చెప్పారు కదండీ."

"చెప్పాను కాబట్టే అడుగుతున్నానండి."

లైను తెగిపోతే బాగుండుననుకున్నాను.

"నాకు ఫోన్లో చెబితే ఏం లాభమండి" అన్నారు. "గ్రామ సచివాలయంలో నా మాటెవరింటారు? కంప్యూటరు కంటే నీకెక్కువ తెలుసా అంటారు. కాగితం మీద రాయండి. తెలుగులో. సంతకం పెట్టండి. అది పట్టుకెళ్తాను."

మధ్యాహ్నం ఒక పేజీ రాసి ఫొటో పంపాను. గంట తర్వాత ఫోన్.

"'కొన్ని పరిమితుల దృష్ట్యా అంచనాలు వాస్తవ పరిస్థితులకు భిన్నంగా ఉండే అవకాశం కలదు.' ముప్పై ఏళ్ళు ప్రభుత్వంలో చేసినోణ్ణి, నాకే అర్థం కాలేదండి. పడవలున్నాయా లేవా?"

"లేవండి."

"అది రాయండి."

జూన్ 24, మంగళవారం

రెండోసారి రాసింది కూడా తిప్పి పంపారు. 'నమోదు ప్రక్రియలో జరిగిన పొరపాటు' అని రాశాను. "ఎవరి పొరపాటండీ? రిజిస్టరు నేనిచ్చాను. నాదా?" అన్నారు. కోపంగా కాదు. అదే భరించలేకపోయాను.

కాన్ఫరెన్స్‌లో నా పేపరుని చదివి మార్కులేసినవాళ్ళు ముగ్గురు. ముగ్గురూ కామాలు సరిచేసి పంపారు.

జూన్ 25, బుధవారం

ఇది మూడోది. దీన్ని ఆయన తిప్పి పంపలేదు.

"గ్రామ సచివాలయం వారికి. పడవల లెక్క కంప్యూటర్లో పెట్టింది నేను. నా పేరు మధులిక. ఆరు గంటల్లో అందరినీ దాటిస్తామని మీకు చూపించింది తప్పు. పడవలు లంకల్లో ఉన్నాయని పెట్టి ఆ లెక్క చేశాను. పడవలు లంకల్లో ఉండవని పాండురంగం గారు ఫిబ్రవరిలోనే నాకు చెప్పారు. పేపరు ఆలస్యమవుతుందని నేను ఆ మాట లెక్కలో పెట్టలేదు. ర్యాంపు నుంచి పడవలు రావాలంటే పంతొమ్మిది గంటలు పడుతుంది. కంప్యూటరు కోసం ఆగవద్దు. మొదటి హెచ్చరికకే మీరు ఎప్పటిలాగే ముసలివాళ్ళనీ, బాలింతలనీ, మంచం పట్టినవాళ్ళనీ దాటించండి."

కింద సంతకం, తారీఖు, ఫోన్ నంబరు. కలెక్టరాఫీసుకీ, మండలాఫీసుకీ, జయకృష్ణ గారికీ, కారిక్‌కీ కూడా మెయిల్ చేశాను. కారిక్ చదవలేడు. ఎవరితోనైనా చదివించుకోనీ.

ఐదున్నర. గడువు దాటి అరగంట. ఆదివారం సంతకం పెట్టిన రిపోర్టు ఇంకా బల్ల మీదే ఉంది. దాని వెనక ప్రణీత కూరగాయల లిస్టు రాసింది.

జులై 3, గురువారం

బ్రాక్‌నెల్ నుంచి రెండు లైన్లు: ఈ దశలో ముందుకు వెళ్ళడం లేదు, శుభాకాంక్షలు. నా బదులు కారిక్ రిపోర్టు మీద సంతకం పెట్టాడట. 'నిరాశ చెందాను' అని నాకు నాలుగు పేరాలు రాశాడు. ఒక్క పేరాలోనూ పడవ అనే మాట లేదు. సాఫ్ట్‌వేర్ లైవ్ అయింది, పైన ఒక నోట్‌తో.

కలెక్టరాఫీసు నుంచి ఆటోమేటిక్ జవాబు. నా ఫిర్యాదుకి నంబరిచ్చారు. వాళ్ళకీ ఆ పద్ధతే.

డెబ్భై ఏడో అప్లికేషన్ పెట్టాను. రిఫరెన్స్ దగ్గర కారిక్ పేరు రాయలేక ఖాళీ వదిలాను.

జులై 13, ఆదివారం

పాండురంగం గారు ఫోన్ చేశారు. వెనకాల రత్నకుమారి గారి గొంతు, ఎవరినో కసురుతూ.

నిన్న పొద్దున బ్యారేజీ దగ్గర మొదటి హెచ్చరిక ఇచ్చారట. కంప్యూటరు ఇంకా ఏమీ చెప్పలేదు, ఆగండి అని సచివాలయంలో అన్నారట. ఈయన నా కాగితం రచ్చబండ దగ్గర పైకి చదివి వినిపించి, ర్యాంపుకి మనిషిని పంపి రెండు పడవలు తెప్పించి, ముప్పై ఒక్క మందిని మంచాలతో సహా ఒడ్డుకి దాటించారు. హైస్కూల్లో పడుకోబెట్టారు. సాయంత్రానికి నీళ్ళు తీసేశాయి. వరద రాలేదు.

"అందరూ తిడుతున్నారండి. మంచాలు మోసి నడుములు పోయాయంట. స్కూల్లో దోమలంట. మా ఆవిడే మొదలెట్టింది."

"నన్ను కూడా కలిపి తిట్టమనండి."

"కలిపేదేంటండీ, ముందు మీ పేరేనండి. సంతకం మీది కదా."

ఎంతసేపు పట్టిందని అడిగాను. రెండు పడవలతో, నీళ్ళింకా నిలకడగా ఉండగా, నాలుగున్నర గంటలట. రాసుకున్నాను.

మళ్ళీ హెచ్చరిక వస్తే ఏం చేస్తారని అడిగాను. వెనకాల ఆవిడ ఇంకా కసురుతూనే ఉంది.

"ఏం చేత్తామండీ, మళ్ళీ దాటిత్తాం" అన్నారు. "మళ్ళీ తిడతారు."